దవడ కీలుకి ఎన్ని రకాల ఎక్స్‌రేలు, అందులో మీకు కావలసింది ఏది?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది గాజువాక. నాకు 34 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఏడాదిగా నోరు తెరిచినప్పుడల్లా కుడి చెవి ముందు టక్కుమని చప్పుడొస్తోంది. రెండు నెలలుగా నొప్పి కూడా మొదలైంది. సాయంత్రమయ్యేసరికి చెవిలోకి, కణత దాకా లాగేస్తుంది. ఈఎన్‌టీ డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదు, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. మొదటి క్లినిక్‌లో ఓపీజీ అని మొత్తం దవడ ఎక్స్‌రే తీసి కీలు బాగానే ఉందన్నారు. రెండో చోట పక్క నుంచి నోరు మూసి ఒకటి, తెరిచి ఒకటి ఎక్స్‌రే తీసి, "గ్యాప్ తగ్గింది, కీలు మధ్య ఉండే మెత్తటి బిళ్ళ, అంటే డిస్క్ జారింది, పళ్ళకి తొడుగులాంటి స్ప్లింట్ పెట్టాలి" అని అడ్వాన్సు కట్టమన్నారు. మా ఆడపడుచుకి తెలిసిన డాక్టరు సీబీసీటీ అనే ఒక రకం సీటీ స్కాన్ తీయించమంటున్నారు. ఇంకొకరు ఎమ్మారై లేకుండా ఏమీ చెప్పలేం అంటున్నారు. ఒక్క కీలుకి ఇన్ని రకాలెందుకు? నాకేది సరైనది? ఇన్ని ఎక్స్‌రేలు తీయించుకుంటే ప్రమాదం కాదా? ఇంకో మాట. మా బాబుకి ఎనిమిదేళ్ళు. వేసవి సెలవుల్లో సైకిల్ మీంచి పడి గడ్డం చిట్లితే కుట్లు వేయించాం. ఈమధ్య వాడు నోరు తెరిస్తే దవడ ఎడమ పక్కకి పోతోంది. నన్ను చూసి అలవాటు చేసుకున్నాడేమో అర్థం కావడం లేదు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో చివర రాసిన మాటకే ముందు జవాబు చెబుతాను. మీ నొప్పి సంగతి కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు. బాబు సంగతి ఆగకూడదు.

అది మిమ్మల్ని చూసి నేర్చుకున్న అలవాటు అనుకోకండి. గడ్డం నేలకి బలంగా కొట్టుకుంటే ఆ దెబ్బ గడ్డం దగ్గరే ఆగిపోదు. కింది దవడ ఎముక వెంట పైకి వెళ్ళి చెవుల ముందున్న రెండు కీళ్ళ మీద పడుతుంది. కింది దవడకి రెండు వైపులా పైకొన గుండ్రంగా ఉంటుంది, దాన్ని కాండైల్ అంటాం. చిన్నపిల్లల్లో కాండైల్ మెడ పొట్టిగా, లావుగా ఉంటుంది. తల భాగంలో ఎముక పెంకు పల్చన, లోపల రక్తం ఎక్కువ. అందుకే పెద్దవాళ్ళలో మెడ దగ్గర విరగాల్సింది పిల్లల్లో ఒక్కోసారి తల దగ్గరే నలిగిపోయి కీలులో రక్తం చేరుతుంది. బయటికి కనిపించేది మాత్రం చిట్లిన గడ్డమే. కుట్లు వేస్తారు, వారంలో మానుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపలి దెబ్బని ఎవరూ అడగరు.

నోరు తెరిచినప్పుడు దవడ ఏ పక్కకి పోతుంటే ఆ పక్క కీలు ముందుకి జారడం లేదని అర్థం. వాడికి ఎడమ పక్కకి పోతోందన్నారు కాబట్టి ఎడమ కాండైల్‌ని అనుమానించాలి. దాన్ని అలాగే వదిలేస్తే కొందరిలో కీలు ఎముకతో ఎముక అతుక్కుపోతుంది. నోరు నెలనెలకీ మూసుకుపోతూ వస్తుంది. దవడ ఆ పక్క ఎదగక ముఖం ఒక వైపుకి తిరిగిపోతుంది. మన దేశంలో దవడ కీలు అతుక్కుపోయి ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో చాలామందికి మూలం ఇలాంటి పాత దెబ్బే. అదే ముందుగా పట్టుకుంటే ఎక్కువమందికి ఆపరేషను అక్కర్లేదు. నోరు తెరిచే వ్యాయామాలు, క్రమం తప్పని చూపింపు సరిపోతాయి. ఎదిగే వయసులో కాండైల్ మళ్ళీ తన రూపు తాను దిద్దుకోగలదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ రాత్రే ఒక పని చేయండి. వాణ్ణి వెలుతురులో కూర్చోబెట్టి, వాడి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మూడూ కలిపి నిలువుగా పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య పెట్టుకోమనండి. మీ వేళ్ళు కాదు, వాడివే. మామూలుగా ప్రతివాళ్ళకీ తమ మూడు వేళ్ళు పడతాయి. పళ్ళు బిగించమని చెప్పి ముందుపళ్ళ మధ్య గీత పైనా కిందా కలుస్తోందో లేదో చూడండి. రెండు వేళ్ళు కూడా కష్టంగా పడితే రేపే బయల్దేరండి. మూడూ పట్టినా సరే, ఈ వారం దాటనివ్వకండి.

వాడికి తీయాల్సిన ఎక్స్‌రే ఏదో కూడా చెబుతాను. మొదట ఓపీజీ. నిలబడితే యంత్రం తల చుట్టూ తిరిగి 15, 20 సెకన్లలో రెండు కీళ్ళూ, మొత్తం దవడా ఒకే ఫిల్మ్ మీదకి తెస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు అంతసేపు కదలకుండా నిలబడగలడు. కానీ ఓపీజీ పక్క నుంచి చూసే చిత్రం. విరిగిన ముక్క లోపలికి, అంటే ముక్కు వైపుకి ఒరిగితే పక్క చూపులో అది దాగిపోతుంది. దానికి జోడీగా రివర్స్ టౌన్ అనే ఎక్స్‌రే తీయాలి. నుదురు ఫిల్మ్‌కి ఆనించి, నోరు బాగా తెరిపించి, తల వెనుక కింది వైపు నుంచి కిరణాన్ని పైకి పంపుతారు. నోరు తెరవడంతో కాండైళ్ళు తమ గుంటల్లోంచి కిందికి వస్తాయి, రెండు మెడలూ కుడీ ఎడమా పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఒరిగి ఉంటే రెండో దానితో పోల్చగానే తెలిసిపోతుంది. విరిగిన ఎముకని ఎప్పుడూ రెండు దిక్కుల నుంచి చూడాలి. కాలైనా చేయైనా దవడైనా అంతే. ఈ రెండింట్లోనూ తేలకపోయినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా, అప్పుడు కీళ్ళ మేరకే సీబీసీటీ. దీనికి వెనకాడవద్దు. పిల్లలకి ఎక్స్‌రే తగ్గించాలన్న మాట నిజమే కానీ, ఇక్కడ చూడకుండా వదిలేయడం వల్ల జరిగే నష్టమే పెద్దది.

ఎక్కడికి వెళ్ళాలంటారా? ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ విభాగం, ఓరల్ సర్జరీ విభాగం ఒకే ఆవరణలో ఉన్నచోటికి. మన జిల్లాలో రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. గాజువాక నుంచి రెండూ దూరమే, పూట పోతుంది. అయినా ఎక్స్‌రే ఒక చోట, చూపింపు ఒక చోట, సర్జన్ ఇంకో చోట అని తిరగడం కంటే అది నయం.

ఇక మీ సంగతి.

ఒక్క కీలుకి ఇన్ని రకాల చిత్రాలెందుకని అడిగారు. న్యాయమైన ప్రశ్న. కారణం ఆ కీలు కూర్చున్న చోటు. మోకాలికి చుట్టూ ఖాళీ ఉంటుంది, ఏ పక్క నుంచి కిరణం పంపినా చిత్రం వస్తుంది. దవడ కీలు పుర్రె అడుగున, చెవికి ఆనుకుని నక్కి ఉంటుంది. వెనకాలే చెవి లోపలి భాగాన్ని మోసే ఎముక ఉంది, శరీరంలో అంత గట్టి ఎముక ఇంకోటి లేదు. సూటిగా పక్క నుంచి ఎక్స్‌రే తీస్తే కుడి కీలు, ఎడమ కీలు, ఆ గట్టి ఎముక అన్నీ ఒకదాని మీద ఒకటి పడి తెల్లటి ముద్ద తప్ప ఏమీ కనిపించదు. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌కిరణాలు కనుక్కున్నాక కొన్ని దశాబ్దాల పాటు వైద్యులు ఆ ముద్దని ఏ కోణంలో తప్పించుకోవాలా అని చూస్తూ వచ్చారు. పేర్లన్నీ అలా పుట్టినవే.

మీకు రెండో చోట తీసింది ట్రాన్స్‌క్రేనియల్. అంటే కిరణం పుర్రె గుండా అడ్డంగా పోతుంది. కుడి కీలు కావాలంటే కుడి చెంప ఫిల్మ్‌కి ఆనిస్తారు. ట్యూబు ఎడమ వైపు ఉంటుంది, ఎడమ చెవి రంధ్రానికి సుమారు రెండంగుళాలు పైన, అరంగుళం వెనక. అక్కడి నుంచి కిందికి 20, 25 డిగ్రీలు వాల్చి పంపితే కిరణం ఎడమ కీలు మీదుగా, ఆ గట్టి ఎముక మీదుగా దాటిపోయి కుడి కీలుని తాకుతుంది. చెవి వెనక ఎముకలో చీము ఉందేమో చూడడానికి ఈఎన్‌టీ వాళ్ళు చాలా కాలం వాడిన షుల్లర్ వ్యూ కూడా ఈ జాతిదే. వియన్నాకి చెందిన ఆర్థర్ షుల్లర్ పేరు మీద వచ్చింది. దాంట్లో కూడా ఒక మూల దవడ కీలు కనిపిస్తుంది.

మీ దగ్గరున్న ఆ రెండు ఫిల్ములూ తీసి కిటికీ వెలుతురుకి పట్టుకోండి. నోరు మూసిన దాంట్లో, చెవి రంధ్రం తాలూకు నల్లటి గుండ్రటి మచ్చకి కాస్త ముందు, పైన ఒక గుంట, ఆ గుంటలో గుండ్రటి ఎముక తల కనిపిస్తాయి. గుంటకి ముందు ఎముక కిందికి దిగి చిన్న దిబ్బలా ఉంటుంది. నోరు తెరిచిన దాంట్లో తల గుంటలోంచి జారి ఆ దిబ్బ కిందికి వచ్చి ఉండాలి. మీ దాంట్లో అలా వచ్చి ఉంటే కీలు కదులుతోందన్నమాట. ఆ మేరకి ఆ ఫిల్ములు పనికొచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. గుంటకీ తలకీ మధ్య నల్లటి సన్నని సందు ఉంది చూడండి. అది ఖాళీ కాదు. డిస్క్ ఉండేది అక్కడే. అది మెత్తటి పీచు మృదులాస్థి, ఎక్స్‌రేకి కనిపించదు. "గ్యాప్ తగ్గింది" అని చెప్పడం దాకా సరే. గ్యాప్ తగ్గింది కాబట్టి డిస్క్ జారింది అనడం మాత్రం ఆ ఫిల్మ్ చెప్పని మాట. ఎందుకంటే కాండైల్ తల అడ్డంగా సూటిగా ఉండదు. లోపలి కొన కొంచెం వెనక్కి తిరిగి ఏటవాలుగా ఉంటుంది, ఆ వాలు ఎంతన్నది మనిషి మనిషికీ వేరు, ఒకే మనిషిలో కుడికీ ఎడమకీ కూడా వేరు. కిరణం ఆ వాలుకి సరిపోకపోతే ఉన్న సందే ఇరుకుగానో వెడల్పుగానో పడుతుంది. మీ తల కాస్త ఇటు తిప్పి మళ్ళీ తీస్తే ఆ గ్యాపే మారిపోవచ్చు. పైగా ఏటవాలుగా వచ్చే కిరణం కీలు బయటి అంచునే స్పష్టంగా చూపిస్తుంది. మధ్య భాగం, లోపలి భాగం కిందికి జారిపోయి మెడ నీడలో కలిసిపోతాయి. ఈ విషయాలు పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. అయినా గ్యాప్ కొలిచి చికిత్స రాయడం ఇంకా పోలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఎందుకంటే దాని మీద ఆధారపడి ఖర్చు పెట్టేది మీలాంటివాళ్ళు.

మొదటి క్లినిక్‌లో తీసిన ఓపీజీ గురించి. ఫిన్లాండ్‌కి చెందిన యూర్యో పాటెరో అనే దంతవైద్యుడు 1940ల చివర్లో, 1950ల్లో ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. అప్పటి నుంచి దంతవైద్యంలో దీనంత ఉపయోగపడిన ఎక్స్‌రే తక్కువ. రెండు కీళ్ళూ, జ్ఞానదంతాలూ, దవడలో ఏదైనా గడ్డ ఉంటే అదీ ఒక్కసారే కనిపిస్తాయి. కీలు నొప్పి అని వచ్చినవాళ్ళలో కొందరికి అసలు కారణం లోపల పుచ్చిన పన్నో, ఇరుక్కున్న జ్ఞానదంతమో అయి ఉంటుంది. ఓపీజీ ముందు దాన్ని తేలుస్తుంది. అందుకే మొదటి డాక్టరు చేసింది సరైన పని. కానీ కీలు బాగానే ఉందన్న మాటకి హద్దుంది. ఓపీజీ తీసేటప్పుడు మిమ్మల్ని ముందుపళ్ళతో ఒక ప్లాస్టిక్ పుల్ల కొరికి పట్టుకోమని ఉంటారు. అంటే దవడ అప్పటికే కాస్త ముందుకి జరిగి ఉంది. గుంటలో తల ఎక్కడుందో దాన్ని బట్టి చెప్పలేం. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోతే తప్ప ఇలాంటి ఫిల్ముల మీద తేడా పడదు. ఓపీజీలో పెద్ద తేడా కనిపిస్తే అది నిజం. కనిపించకపోతే చిన్న తేడా లేదని అర్థం కాదు.

ఇంకో రెండు పాత పద్ధతులు క్లుప్తంగా. కిరణాన్ని అవతలి వైపు దవడ పైఅంచులో ఉన్న ఒంపు గుండా, గొంతు మీదుగా పంపేది ట్రాన్స్‌ఫారింజియల్, కాండైల్ మెడకి మంచిది. కంటిగూడు గుండా ముందు నుంచి తీసేది ట్రాన్స్ఆర్బిటల్, కాండైల్ వెడల్పు మొత్తం కనిపిస్తుంది. రెండూ విరుగుళ్ళకీ, బాగా అరిగిన కాండైల్ తలలకీ పనికొచ్చాయి. సీబీసీటీ అందుబాటులోకి వచ్చాక వీటి అవసరం బాగా తగ్గింది. మీకు ఇవి అక్కర్లేదు.

సీబీసీటీ 1990ల చివర్లో వచ్చింది. కోను ఆకారంలో కిరణం తల చుట్టూ ఒక్క చుట్టు తిరుగుతుంది, కంప్యూటరు దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి చూపిస్తుంది. కాండైల్ వాలు ఎంతుందో కొలిచి, ఆ వాలుకి సరిగ్గా అడ్డంగానూ పొడుగ్గానూ కోతలు తీసుకోవచ్చు. ట్రాన్స్‌క్రేనియల్‌లో ఉన్న కోణాల గొడవ ఇక్కడ ఉండదు. కాండైల్ తల మీద చిన్న గుంత పడిందా, అంచున ఎముక ముల్లు పెరిగిందా, పైపెంకు కింద నీటితిత్తి ఉందా అన్నవి మిల్లీమీటరు లోపు తేడాతో తెలుస్తాయి. ఎముకకి సంబంధించినంత వరకు ఇంతకంటే మంచి చూపు మామూలు రోగికి అక్కర్లేదు. ఆడపడుచుకి తెలిసిన డాక్టరు దీన్ని సూచించడానికి కారణం అదే అయ్యుంటుంది. అయితే ఎంత ఖరీదైన సీబీసీటీ అయినా డిస్క్‌ని చూపించలేదు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది అంత చక్కగా చూపించడం వల్లే, కాండైల్ తల కాస్త చదునుగా ఉన్నా రిపోర్టులోకి ఎక్కుతుంది. ఒక్క చదునుదనం జబ్బు కాదు, వయసుతో, నమిలే బరువుతో ఎముక సర్దుకున్నదీ అయ్యుండొచ్చు. రిపోర్టులో ఆ మాట చూసి భయపడిపోయి వచ్చేవాళ్ళు చాలామంది.

డిస్క్‌ని చూడాలంటే ఎమ్మారై. ఒకప్పుడు డిస్క్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే కీలులోకి సూదితో మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. 1940ల్లో డెన్మార్క్‌లో నోర్గార్డ్ అనే డాక్టరు ఆ పద్ధతికి దారి వేశారు. నొప్పి ఉండేది. 1980ల మధ్యలో ఎమ్మారై వచ్చాక ఆ సూది దాదాపు పక్కకి పోయింది. ఎమ్మారైలో ఎక్స్‌కిరణాలే ఉండవు, అయస్కాంతంతో పని. డిస్క్ నల్లగా, మధ్యలో సన్నగా, రెండు కొసలా లావుగా కనిపిస్తుంది. నోరు మూసినప్పుడు దాని వెనక కొస గడియారంలో 12 అంకె దగ్గర, అంటే కాండైల్ తల నడినెత్తిన ఉండాలి. ముందుకి జారి ఉంటే 11, 10 వైపు కనిపిస్తుంది. నోరు తెరిచినప్పుడు మళ్ళీ తల మీదికి వచ్చి కూర్చుంటే, వచ్చే ఆ క్షణంలోనే మీకు టక్కుమని వినిపించేది. తెరిచినా రాకుండా ముందే ముడుచుకుని ఉంటే నోరు సగంలో ఆగిపోతుంది, అప్పుడు చప్పుడు కూడా ఉండదు. కీలులో నీరు చేరితే అదీ కనిపిస్తుంది.

అలాగని ఇంకొకరు చెప్పినట్టు ఎమ్మారై లేకుండా ఏమీ చెప్పలేమా? చెప్పగలం. నొప్పి, చప్పుడు ఏమీ లేనివాళ్ళకి ఎమ్మారై తీసినా వాళ్ళలో సుమారు మూడో వంతు మందికి డిస్క్ ముందుకి జారే ఉంటుందని పరిశోధనల్లో తేలింది. వాళ్ళు హాయిగా తింటున్నారు, మాట్లాడుతున్నారు. అంటే మీకు ఎమ్మారై తీసి డిస్క్ జారిందని చూపించినా, మీ నొప్పికి అదే కారణమని దాంతో రుజువైపోదు. 2014లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించిన దవడ కీలు రోగనిర్ధారణ ప్రమాణాల్లో కండరాల నొప్పి, కీలు నొప్పి రెండింటినీ అడిగి, చేత్తో నొక్కి చూసే నిర్ధారిస్తారు. డిస్క్ ఎక్కడుందో గట్టిగా తేల్చుకోవాలంటే ఎమ్మారై, ఎముక అరిగిందో లేదో తేల్చుకోవాలంటే సీటీ, అంతే. ముందు డాక్టరు చెయ్యి, ఆ తర్వాత ప్రశ్న, ఆ ప్రశ్నకి తగిన చిత్రం. ఈ క్రమం తలకిందులైతే ఎన్ని తీసినా జవాబు రాదు. మీ చేతిలో మూడు ఫిల్ములు ఉండి కూడా జవాబు లేకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం. మీ దవడని నొక్కి చూశామని గానీ, ఎంత తెరుచుకుంటోందో స్కేలుతో కొలిచామని గానీ ఎవరూ అన్నట్టు మీరు రాయలేదు.

మీరు రాసిన లక్షణాలు చూస్తే, చప్పుడు ఏడాదిగా ఉంది, నొప్పి రెండు నెలలుగా. నొప్పి సాయంత్రాలు ఎక్కువ. రోజంతా క్లాసులో గొంతెత్తి మాట్లాడే ఉద్యోగం. కణత దాకా లాగుతోంది, కణత మీద నమిలే కండరం ఉంటుంది. వీటిని బట్టి డిస్క్ జారి మళ్ళీ కూర్చునే రకం చప్పుడు, దాని మీద కండరాల అలసట అనిపిస్తోంది. ఇది ఉత్తరం చదివి వేసిన అంచనా మాత్రమే, చేత్తో చూసినవాళ్ళే ఖాయం చేయాలి. చెవి నొప్పికి చెవిలో కారణం దొరకని ఇలాంటి కేసుల్ని 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే ఈఎన్‌టీ డాక్టరే దవడ కీలుతో ముడిపెట్టి రాశారు. ఆయన చెప్పిన కారణం తర్వాత నిలబడలేదు గానీ, గమనించింది నిజం. మీ ఈఎన్‌టీ డాక్టరు మిమ్మల్ని సరైన తలుపు దగ్గరికే పంపారు.

అందుకని ఇప్పుడు మీకు కొత్త ఎక్స్‌రే ఏదీ వద్దు. ఉన్న ఓపీజీ చాలు. ఆరు వారాలు దవడకి విశ్రాంతినివ్వండి. పెదాలు మూసి, పళ్ళు ఒకదానికొకటి తగలకుండా, నాలుక పైఅంగిలికి ఆనించి ఉంచడం అలవాటు చేసుకోండి. బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పళ్ళు బిగిసి ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. చాలామంది టీచర్లకి తెలియకుండానే బిగిసి ఉంటాయి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి. రోజుకి రెండుసార్లు చెంపకీ కణతకీ వేడి కాపడం. జంతికలు, చెరకు, వేయించిన శనగలు, బీచ్‌రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తులు ఈ ఆరు వారాలు మానండి. జామకాయ ముక్కలు కోసుకుని తినండి, కొరకవద్దు. నొప్పి మాత్ర ఏది, ఎన్నాళ్ళు అన్నది మీ డాక్టరునే అడగండి, కడుపు మంట, బీపీ, కిడ్నీ సంగతులు చూసి చెప్పాల్సినది అది.

నొప్పి తగ్గి చప్పుడు మిగిలిపోతే దాన్ని అలాగే ఉండనివ్వండి. నొప్పి లేని చప్పుడుకి చికిత్స అక్కర్లేదు. కానీ ఒక పొద్దున లేవగానే టక్కు చప్పుడు పోయి, నోరు రెండు వేళ్ళకి మించి తెరుచుకోకపోతే, అప్పుడు ఎమ్మారై కావాలి. ఆరు వారాల జాగ్రత్త తర్వాత కూడా నొప్పి తగ్గకపోయినా, కీలులో సూది వేసి కడుగుతామని ఎవరైనా అన్నా, ముందు ఎమ్మారై తీయించుకోండి. టక్కు బదులు కరకరమని రాపిడి మొదలైనా, పళ్ళు కలిసే తీరు మారి ముందుపళ్ళు అందకుండా పోయినా, ఎముక చూడాలి కాబట్టి సీబీసీటీ.

ఎమ్మారై దాకా వస్తే స్కానింగ్ సెంటర్‌కి ముందే ఫోన్ చేసి, దవడ కీలుకి వేరే కాయిల్, అంటే కీలు దగ్గర పెట్టి సంకేతాలు పట్టే చుట్ట ఉందా, నోరు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, రెండు వైపులా తీస్తారా అని అడగండి. నోరు మూసి మాత్రమే తీస్తే సగం సమాచారం పోతుంది, డబ్బు మాత్రం మొత్తం పోతుంది. లోపల అరగంట దాకా పడుకోవాలి, పెద్ద శబ్దం వస్తుంది. నోరు తెరిచి ఉంచడానికి పళ్ళ మధ్య దిమ్మ పెడతారు, అప్పుడు నొప్పిగా ఉంటే చెప్పండి. గుండెకి పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ లాంటివి ఉన్నవాళ్ళు ముందే చెప్పి తీరాలి. పళ్ళకి క్లిప్పులు ఉంటే చిత్రం చెడుతుంది.

రేడియేషన్ భయం గురించి. భూమి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ అందుతూనే ఉంటుంది (ఒక మిల్లీసీవర్ట్ అంటే వెయ్యి మైక్రోసీవర్ట్‌లు). మన భీమిలి తీరపు ఇసుకలోనూ మోనజైట్ అనే ఖనిజం, అందులో రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్నాయి. ఒక ఓపీజీలో అందేది సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్ట్‌లు, అంటే రెండు నుంచి నాలుగు రోజులు ఊరికే బతికినందుకు అందేంత. కీలు మేరకే తీసే సీబీసీటీలో యంత్రాన్ని బట్టి పదుల నుంచి ఒకటి రెండు వందల మైక్రోసీవర్ట్‌ల దాకా. ఆసుపత్రి పెద్ద సీటీలో ముఖానికి అంతకంటే చాలా ఎక్కువ, వెయ్యి దాటొచ్చు. మీకు ఇప్పటిదాకా తీసిన మూడింటితో ఏ ప్రమాదమూ రాదు, నిశ్చింతగా ఉండండి. అలాగని అవసరం లేని నాలుగోది తీయించుకోవడానికి ఇది కారణం కాదు. సీబీసీటీ ఎవరైనా రాస్తే "కీళ్ళ వరకే తీయండి, మొత్తం తల వద్దు" అని అడిగే హక్కు మీకుంది. యంత్రానికి ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉందా అని అడిగినా తప్పు లేదు. గర్భం వచ్చే అవకాశం ఉంటే తీసే ముందే చెప్పండి.

ఆ స్ప్లింట్ అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టకండి. స్ప్లింట్ చెడ్డదని కాదు, రాత్రుళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకీ, కండరాల నొప్పికీ పళ్ళ మీద పెట్టి తీసే చదును స్ప్లింట్ మేలు చేయొచ్చు. కానీ గ్యాప్ కొలతని చూసి రాసిన స్ప్లింట్ వేరు, దవడని నొక్కి, కొలిచి, ఆరు వారాలు చూసి రాసినది వేరు. ఆ ఆరు వారాలూ అయ్యాక నొప్పి ఉంటే ఆ డాక్టరునే కూర్చోబెట్టి, "ఇది ఎన్నాళ్ళు పెట్టుకోవాలి, నొప్పి తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు" అని అడిగి తెలుసుకోండి. ఎక్స్‌రేలో కీలు స్థానం సరిచేయడానికి పళ్ళు అరగదీస్తామనో, క్యాపులు వేస్తామనో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్ప్లింట్ వద్దనుకుంటే తీసి పక్కన పెట్టొచ్చు, అరగదీసిన పన్ను మళ్ళీ రాదు.